దోహద శబ్దమును, తలిదండ్రులగువారి మెదడును

నేటి తెలుగున ‘దోహదము’ అనగా తోడ్పాటు. పరిశ్రమల వృద్ధికి రహదారులు దోహదము చేయుననియు, ఆరోగ్యమునకు వ్యాయామము దోహదకారి యనియు దినపత్రికలు వ్రాయుచున్నవి. ఆ మాట మొదట గర్భిణి కోరికకు పేరని వ్రాయువారిలో పలువురకు తట్టదు. గర్భిణి కోరికను తీర్చుటనుండి, చెట్టు అకాలమున పూచుటకు చేయు సంస్కారము దోహదమైనది. అశోకమునకు స్త్రీ పాదతాడనము, వకుళమునకు మద్యగండూషము దోహదములని కవిసమయము. చెట్టునుండి అర్థము మరికొంత జారి, దేనినైనను పెంపొందించునది దోహదమైనది. మన ప్రబంధకవులు నడిమి యర్థమును విరివిగా వాడుకొనిరి. మనకు మిగిలినది చివరిది. మరాఠీ మాత్రము మొదటి యర్థమును విడువలేదు. అచట ‘డోహాళే’ అన్నచో నేటికిని గర్భిణి కోరికలే. ఆమెకు ముచ్చట తీర్చుటకై పెట్టు విందు ‘డోహాళజేవణ’.

పదవ్యుత్పత్తిని గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ‘ద్విహృద్’ అనుదానినుండి ‘దౌహృదము’ వచ్చి, ప్రాకృతమున ‘దోహల’మై, ‘దోహద’ రూపమున తిరిగి సంస్కృతము చేరినదని ఒక పక్షము. ‘దుర్హృద్’, అనగా వికారము చెందిన హృదయము, మూలమని వేరొక పక్షము. మోరిస్ బ్లూమ్‌ఫీల్డ్ 1920లో భారతీయ కథలలోని దోహదమును గూర్చి వ్రాసిన దీర్ఘవ్యాసము ఈ విషయమున నేటికిని చూడదగినది. ఈ వ్యాసమున నేను తీర్పదలచినది వ్యుత్పత్తి వివాదము కాదు. మన భాషలు గర్భమును గూర్చి ఏమి చెప్పినవి, ఏమి చెప్పక విడిచినవి, ఆ విడిచిన చోట నేటి మస్తిష్కశాస్త్రము ఏమి కనుగొన్నది అను విషయమును పరిశీలించుటయే ఇచటి పని.

సుశ్రుతసంహిత శారీరస్థానము ఈ మాటకు ఒక శాస్త్రమునే కల్పించినది. నాల్గవ మాసమున గర్భస్థ శిశువునకు హృదయము స్పష్టపడును. హృదయము చేతనాస్థానము గనుక అప్పటినుండి శిశువు ఇంద్రియార్థములను కోరును. తల్లి దేహమున రెండు హృదయములుండును గనుక ఆమె ‘దౌహృదిని’. ఆ కోరికలు తీరనిచో పుట్టు శిశువు గూనివాడో, కుంటివాడో, మందబుద్ధియో అగునని హెచ్చరిక. చరకసంహిత ఇదే విషయమును మూడవ మాసమునకు చెప్పి, శిశుహృదయము రసవాహినులచే మాతృహృదయముతో ముడివడియుండునని చేర్చినది. ఈ వాదమున గమనింపవలసిన దొకటి కలదు: కోరిక తల్లిది కాదు, శిశువుది, తల్లి దానిని పలుకు నోరు మాత్రమే. రఘువంశము తృతీయసర్గమున సుదక్షిణ మన్ను తినుట యెల్లరెరిగినదే. పుట్టబోవు కొడుకు భూమిని ఏలవలసినవాడు గనుక ఆమె మనసు ముందుగా మంటిపైకి పోయినదని కాళిదాసు చమత్కరించెను. చమత్కారమైనను అది సుశ్రుతుని సిద్ధాంతమునకు లోబడినదే.

ఈ సుశ్రుతసంహిత తొలిసారి అచ్చైనది కలకత్తాలో. పండిత మధుసూదన గుప్తుడు పరిష్కరించిన ప్రతి 1835–36 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడినది. ఆయన వైద్యకుటుంబమువాడు, సంస్కృత కళాశాలలో ఆయుర్వేదము చెప్పి, 1835లో వైద్యకళాశాల నెలకొనగా అందు చేరెను. 1836లో, అనగా సుశ్రుతుని అచ్చు ముగిసిన యేడాదియే, ఆ కళాశాలలో మానవ శవమును కోసి చూచినవాడును ఆయనయే. చేతనాస్థానము హృదయమను గ్రంథమును పరిష్కరించిన చేయియే, చేతనకు మెదడు స్థానమని బోధించు విద్యకు తలుపు తెరచినది. రెండింటి నడుమ తనకు వైరుధ్యము తోచినదని ఆయన ఎచటను వ్రాసినట్లు లేదు. తరువాత 1907–1916 నడుమ కవిరాజ కుంజలాల్ భిషగ్రత్న ఆంగ్లానువాదమును మూడు సంపుటములలో వెలువరించినదియు ఆ నగరమునందే. దౌహృద సిద్ధాంతము పాశ్చాత్య విద్వాంసులలో పలువురకు చేరిన దారి ఇది.

వంగభాషలో దోహదము పండితుల మాట. ఇంటి మాట ‘సాధ్’. ఇది ‘శ్రద్ధా’ శబ్దభవము. సంస్కృతమున శ్రద్ధకు కోరిక యను అర్థమును కలదు; చరకుడు గర్భలక్షణములు చెప్పు సందర్భమున ఆ యర్థముననే వాడినాడు. తెలుగున శ్రద్ధ యనగా మనసు పెట్టి చేయుట. వంగమున ఆ మాటయే కోరికయై, గర్భిణి కోరికయై, ఆమెకు ఏడవ నెలనో తొమ్మిదవ నెలనో జరుపు వేడుకకు పేరైనది. కోల్‌కతా ఇండ్లలో సాధ్ నాడు గర్భిణికి క్రొత్త చీర కట్టి, ఆమె కిష్టమైన చేపల కూర, వేపుళ్ళు, పాయసము ముందుంచి తినిపింతురు. వేడుక స్త్రీలది. మన సీమంతమున మంత్రభాగము భర్తది, పేరంటము స్త్రీలది. కన్నడమున ‘బయకె’, తమిళమున ‘మసక్కై’, తెలుగున ‘వేవిళ్ళు’ — ఏ మాట తీసికొన్నను అది కోరికకో, వికారమునకో పేరు.

ప్రసవానంతరము మాటల తీరు మారును. కడుపుతీపి, పేగుబంధము, కన్నప్రేమ అని మనము. ‘నాడీర్ టాన్’, అనగా బొడ్డుపేగు లాగుడు, అని వంగీయులు. ఈ మాటలన్నియు ఒక విషయమున ఏకీభవించుచున్నవి: కన్నంతనే మమకారము పేగునుండి తనంతతాను వచ్చును. ఇట్లు గర్భమునందు కోరిక, ప్రసవము తరువాత మమకారము. ఈ రెంటికి నడుమ, ఇంతవరకు తన్ను తాను చూచుకొన్న మనిషి మాటరాని మరొక ప్రాణిని రాత్రింబవళ్ళు కనిపెట్టి యుండుటకు ఎట్లు సిద్ధమగును? ఆ సిద్ధపడుటకు మన భాషలలో పేరు లేదు. తండ్రి సిద్ధపడుటకైతే ఊహకూడ లేదు. చూలాలు, నిండుచూలాలు, బాలింత యను మాటలకు పుంలింగ రూపములు లేకపోవుట సహజమే. కాని పురుడు? బిడ్డ పుట్టినపుడు తండ్రికిని జ్ఞాతులకును పురుడు కలదు. ధర్మశాస్త్రము తండ్రికి అశౌచమునిచ్చినది, భాష అంతకుమించి ఏమియు ఈయలేదు.

ఇక మెదడు సంగతి. 2016 డిసెంబరులో బార్సిలోనా పరిశోధకులు ప్రకటించిన పరిశీలన ఈ విషయమున మలుపు. తొలిచూలు స్త్రీలు 25 మందికి గర్భధారణకు ముందొకసారి, ప్రసవము తరువాత నొకసారి అయస్కాంత ప్రతిబింబ పరీక్ష చేసిరి. పోలికకై తొలిసారి తండ్రులైనవారిని 19 మందిని, సంతానము లేని స్త్రీపురుషులను గూడ పరీక్షించిరి. తల్లులైన స్త్రీలలో ధూసర పదార్థపు పరిమాణము కొన్ని నియతస్థానములందు తగ్గియుండెను. ఆ తగ్గుదల ఎంత నిలుకడగా నుండెననగా, ప్రతిబింబములను మాత్రమే చూచి గర్భవతియైన స్త్రీ యెవరో, కానిదెవరో పొరబాటు లేకుండ వేరుచేయ గలిగిరి. రెండేండ్ల తరువాతను అది చాలవరకు నిలిచియుండెను. కొందరిని ఆరేండ్లకు మరల చూచినపుడును జాడ మాయలేదు. తగ్గిన స్థానములు ఏవి? ఎదుటివారి మనసులో నేమున్నదో ఊహించునపుడు, తన్ను తాను తలచుకొనునపుడు పనిచేయునవి. తన బిడ్డ చిత్రమును చూచినపుడు తల్లి మెదడున ప్రకాశించు భాగములు కొన్ని వీనిలోనివే. తగ్గుదల యెక్కువైనవారికి బిడ్డపై మమత్వమును ఎక్కువగా నుండెను.

తగ్గుదల యను మాటవద్ద భాషావేత్త ఆగవలెను. ‘గర్భిణి మెదడు కుంచించుకొనిపోవును’ అని కొన్ని పత్రికలు శీర్షికలు పెట్టినవి. బాలింత మతిమరపు లోకోక్తివంటిది గనుక పాఠకుడు రెంటిని కలిపివేసికొనును. ఆ పరిశీలనలోని స్త్రీలకు జ్ఞాపకశక్తి పరీక్షలు చేసిరి. చెప్పదగిన తేడా కనబడలేదు. యౌవనారంభమున బాలికల మెదడునందును ఇట్టి తగ్గుదల జరుగును. 2019లో ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి కొలిచినవారు వాని తీరు మిక్కిలి సన్నిహితమని చూపిరి. బాలిక యువతియగునపుడు బుద్ధి తగ్గినదని ఎవరు నందురు? తోటమాలి కొమ్మను కోసినట్లు, అవసరములేని లంకెలను తొలగించి మిగిలినవానిని బలపరచుట ఇందలి పని యని శాస్త్రజ్ఞుల ప్రధాన భావన. కావున ‘క్షయము’ అనకూడదు, ‘కుంచించుట’యు తగదు. ‘తీర్చుట’ అన్నచో జరుగుదానికి దగ్గరగా నుండును. తెలుగున పొదను తీర్తుము, ముగ్గు తీర్తుము, బిడ్డకు బొట్టు తీర్తుము. గర్భిణి కోరికనుగూడ తీర్తుము.

2024లో కాలిఫోర్నియానుండి వెలువడిన మరియొక పరిశీలన ఒక్క స్త్రీ మెదడునే గర్భధారణకు మూడు వారములు ముందునుండి ప్రసవానంతరము రెండేండ్ల వరకు 26 మారులు చిత్రించినది. వారము వారమునకు ధూసర పదార్థము తగ్గుచు పోయినది. శ్వేత పదార్థపు తంతువుల కట్టుబాటు రెండవ త్రైమాసికాంతము వరకు పెరిగి, ప్రసవము నాటికి మరల మొదటి స్థితికి వచ్చినది. అనగా మెదడులోని మార్పు ప్రసవవేదనతో ఒక్కసారిగా తెగిపడునది కాదు. నెలనెలకు హార్మోనుల పెరుగుదలను వెన్నంటి నడచునది. 2025లో నూరుమందికి పైబడిన స్త్రీలపై జరిగిన స్పెయిను పరిశీలన ఈ చిత్రమునే దృఢపరచినది: ప్రసవమువరకు తగ్గుదల, పిదప కొంత కోలుకొనుట.

హార్మోను మెదడులో నేమి చేయునో మనుష్యులలో తెరచి చూచుట సాధ్యము కాదు గనుక ఎలుకల సాక్ష్యము తీసికొందము. కనని ఆడు ఎలుక పరుల పిల్లలను మొదట వాసన చూచి తొలగిపోవును, ఒక్కొక్కప్పుడు కొరుకును. 1972లో అమెరికాలో టెర్కెల్, రోజెన్‌బ్లాట్ అను ఇరువురు, అప్పుడే ఈనిన ఎలుక నెత్తురును కనని ఎలుకలోనికి నిరంతరముగా ప్రవహింపజేయగా, అది ఒక దినము తిరుగకమున్నే పిల్లలను నోట కరచి గూటికి చేర్చుకొనెను. 2023లో లండనునందలి క్రిక్ పరిశోధనాసంస్థవారు చుంచెలుకలలో స్థానమునే చూపిరి. మెదడు అడుగున హైపోతలామస్ ముందుభాగమునగల కొన్ని నాడీకణములపై గర్భకాలముననే ఈస్ట్రొజన్, ప్రొజెస్టెరోన్ పనిచేయును. ఒకటి వానిని చురుకుపరచును, రెండవది వానికి వచ్చు సంకేతముల దారులను మార్చును. ఆ కణములకు ఆ హార్మోనులు సోకకుండ చేసినపుడు ఆడు చుంచెలుకలు ఈనినను పిల్లలను సరిగా చూడలేదు. పాలు చేపుట కెట్లు రొమ్ము ముందుగా సిద్ధమగునో, పిల్లను చేరదీయుటకు మెదడట్లు ముందుగా సిద్ధమగుచున్నదన్న మాట.

ఇచట ఒక ప్రలోభమునుండి మనము తప్పించుకొనవలెను. మాయ, అనగా గర్భమున శిశువుతో పెరుగు పుష్పము, పై హార్మోనులలో అధికభాగమును తయారుచేయును. అది శిశువు పక్షపు కణములచే ఏర్పడునది. శిశుకణములు తల్లి నెత్తుటను చేరి ఆమె దేహమున దీర్ఘకాలము నిలుచును. 2012లో అమెరికా పరిశోధకులు మరణానంతరము పరీక్షించిన 59 మంది స్త్రీల మెదళ్ళలో 37 మందియందు పురుష జన్యుద్రవ్యము కనుగొనిరి. గర్భమున మోసిన మగశిశువు దానికి ప్రధాన కారణమై యుండునని వారి తలంపు. వెంటనే ‘చూచితిరా, రెండు హృదయములని మన సుశ్రుతుడు ముందే చెప్పెను’ అనుట సభలలో చప్పట్లు తెచ్చును. అది పాండిత్యము కాదు. సుశ్రుతుడు చెప్పినది శిశువు కోరిక తల్లి నోట పలుకుననియు, తీర్చనిచో అంగవైకల్యము కలుగుననియు. ఈ రెండింటిలో దేనికిని నేటి శాస్త్రమున ఆధారము లేదు. ఆయన ఘనత వేరొక చోట ఉన్నది: గర్భిణి చిత్తము మారునని గమనించుట, ఆ మార్పునకు ఒక హేతువును వెదకుట. హేతువు తప్పైనను గమనింపు ఒప్పు.

తండ్రి విషయమున గ్రంథములు మౌనము వహింపగా, ఒక తెలుగుదేశపు తెగ ఆచారము మాటాడినది. గోదావరి తీరమున దుమ్ముగూడెములో నుండిన జాన్ కెయిన్ అను మతప్రచారకుడు 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికయందు ఎరుకలవారి ఆచారము నొకదానిని నమోదు చేసెను. థర్‌స్టన్ దానిని 1909 నాటి తన దక్షిణ భారత కులజాతుల సంపుటములలో చేర్చుకొనుటచే అది లోకప్రసిద్ధమైనది. భార్యకు నొప్పులు మొదలైనంతనే ఆమె భర్తకు తెలుపును. అతడు ఆమె బట్టలు కొన్ని కట్టుకొని, నొసట ఆడువారి బొట్టు పెట్టుకొని, మినుకుమినుకుమను దీపమున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పరుండును. బిడ్డ పుట్టగానే స్నానము చేయించి తండ్రి ప్రక్కన పరుండబెట్టుదురు. ఇంగువ, బెల్లము మొదలగు బాలింత పథ్యము తల్లికి కాక తండ్రికి పెట్టుదురు. పురుటి దినములు గడచువరకు అతడు మంచము దిగడు.

ఇట్టి ఆచారమునకు పాశ్చాత్య మానవశాస్త్రమున ‘కూవాద్’ అని పేరు. 1865లో టైలర్ దానిని వ్యాప్తికి తెచ్చెను. మూలమైన ఫ్రెంచి ధాతువునకు గ్రుడ్లు పొదుగుట యని అర్థము. తెలుగున దీనికి మాట కావలెనన్నచో ‘పొదుగుడు’ అనవచ్చును. ఆవు పొదుగు, కోడి పొదుగుట ఒకే ధ్వనియై వినవచ్చుటపై నేను వ్యుత్పత్తి కట్టబోను గాని, విన్నవారి మనసున రెండును మెదలినచో నష్టము లేదు. టైలర్ 1889లో ఈ ఆచారమును మాతృస్వామ్యమునుండి పితృస్వామ్యమునకు మారుచున్న సంఘమునకు చిహ్నమని వివరించెను. ఇతరులు నవ్విరి. ఎరుకలవారిని నేరస్థజాతిగా ముద్రవేసిన ప్రభుత్వపు కాలమున, వారి ఆచారమున ఒక అనుభవము దాగియుండునని ఎవరు తలతురు? కెయిన్ వ్రాతయును బయటివాని చూపే. మంచముపైనున్న తండ్రి ఏమనుకొనెనో, ఆ బెల్లము తినని తల్లి ఏమనుకొనెనో ఎవరును అడిగినట్లు లేదు.

2000 సంవత్సరమున కెనడాలోని న్యూఫౌండ్లాండునందు 34 దంపతుల నెత్తుటి పరీక్షలు జరిగినవి. ప్రసవమునకు ముందు వారములలో తండ్రులకును ప్రొలాక్టిన్, కార్టిసోల్ హెచ్చియుండెను; ప్రసవము తరువాత టెస్టోస్టెరోన్ తగ్గెను. భార్య గర్భవతియై యున్నపుడు తమకును వికారము, అలసట, బరువు పెరుగుట మొదలైనవి కలిగినవని చెప్పిన పురుషులలో ప్రొలాక్టిన్ మరింత హెచ్చు. 2011లో ఫిలిప్పీన్సు దేశపు సెబూ నగరమున 624 మంది యువకులను ఏండ్ల తరబడి వెన్నంటి చూచినవారు, తండ్రులైనవారిలో టెస్టోస్టెరోన్ బాగుగా తగ్గుననియు, దినమునకు మూడు గంటలకు మించి బిడ్డను చూచువారిలో అది మరింత తక్కువ యనియు చూపిరి. మెదడు చిత్రములలో ఫలితములు ఇంత సూటిగా లేవు. పై బార్సిలోనా పరిశీలనలో తండ్రుల మెదడున మార్పు కనబడలేదు. 2022లో స్పెయిను, కాలిఫోర్నియాలలో 40 మంది తండ్రులను వేరు పద్ధతిని కొలిచినపుడు, తల్లులకంటె చాల స్వల్పమైనను, తీర్పు వారియందును కనబడినది. తల్లులలో నిలుకడగా కనిపించునది తండ్రులలో మనిషిమనిషికి మారుచుండెను.

ఎందుకు మారును? 2014లో ఇజ్రాయేలు పరిశోధకులు ఇచ్చిన సమాధానము నాకు ఈ విషయమంతటిలోను ముఖ్యముగా తోచుచున్నది. తల్లులు ముఖ్య పోషకులైన కుటుంబములలో బిడ్డను చూచినపుడు తల్లుల మెదడున భయమును, జాగరూకతను కలిగించు లోతైన అమిగ్డలా భాగము తండ్రులలోకంటె తీవ్రముగా పనిచేసినది. ఆ తండ్రులలో ఎదుటివారి భావమును గ్రహించు పైభాగములు పనిచేసినవి. తల్లి లేని ఇండ్లలో తామే బిడ్డను పెంచుచున్న తండ్రులలో రెండును పనిచేసినవి. ఈ రెండు భాగముల నడుమ లంకె బిడ్డను చూచుకొను గంటలతోపాటు బలపడియుండెను. రోజెన్‌బ్లాట్ 1967లోనే ఎలుకలలో ఇట్టిది చూపియుండెను: ఈనని ఆడు ఎలుకలను, మగవానినిగూడ, పిల్లలతో ఒక వారము పాటు విడువక ఉంచినచో, గర్భపు హార్మోను చుక్క లేకయే పిల్లలను చేరదీయును. గర్భము ఒక దారి. చేరువ రెండవ దారి. మెదడు రెంటికిని తెరచియే యున్నది.

ఈ రెండవ దారిని కలకత్తాలో ఒకడు వేరొక వైపునుండి తడవియుండెను. గిరీంద్రశేఖర బసు (1887–1953) వైద్యుడు. 1917నుండి కలకత్తా విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రాధ్యాపకుడు. 1922లో 14, పార్శీబాగాన్ సందునందలి తన ఇంట భారతీయ మనోవిశ్లేషణ సమాజమును నెలకొల్పెను. నిఘంటుకర్త, ‘పరశురామ’ నామమున హాస్యకథలు వ్రాసిన రాజశేఖర బసు ఆయన యన్నగారు. గిరీంద్రశేఖరుని సిద్ధాంతమున ప్రతి కోరికకును దాని యెదుటి కోరిక మనసులో అణగియుండును: కొట్టవలెనను కోరిక క్రింద కొట్టించుకొను కోరిక, చూడవలెనను కోరిక క్రింద చూడబడు కోరిక. బాలుడు తల్లిని కోరుటతోపాటు తల్లి కావలెననియు కోరును. 1929లో ఫ్రాయిడ్‌నకు వ్రాసిన లేఖయందు, తన భారతీయ రోగులలో స్త్రీ కావలెనను కోరిక ఐరోపీయులలోకంటె సులభముగా బయటపడునని తెలిపెను. ఫ్రాయిడ్ మర్యాదగా విని, ఆ సిద్ధాంతము రూపమును చెప్పునే కాని శక్తిని చెప్పదని ఆక్షేపించెను.

ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. బసు సాక్ష్యము చికిత్సకై వచ్చిన వారి మాటలు. దానినుండి దేశమంతటి పురుషులను గూర్చి చెప్పుట సాహసము. కాని పురుషుని మనసున తల్లితనమునకు చోటు కలదనియు, అది రోగము కాదనియు, లక్షణమును అణచుటకంటె గుర్తించుట మేలనియు ఆయన చెప్పిన కాలమున ఐరోపాలో అట్టి మాట చెప్పినవారు అరుదు. ఆయన తన శాస్త్రమును వంగభాషలోను వ్రాసెను. పార్శీబాగాన్ ఇంటి గోష్ఠులలో పారిభాషికములు పుట్టి పెరిగిన తీరు ప్రత్యేక పరిశోధనకు తగినది. మన మద్రాసు, హైదరాబాదు పారిభాషిక యత్నములతో దానిని పోల్చినవారు అరుదు.

పేరు లేకపోవుటచే కలుగు నష్టమేమి యని అడుగవచ్చును. కడుపుతీపి తనంతతాను వచ్చునని భాష చెప్పుచున్నది. బిడ్డను ఒడిలో పెట్టినపుడు ఏమియు తోచని తల్లులు కలరు. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికయందు వెలువడిన సమీక్ష, భారతదేశపు 38 పరిశీలనలలోని ఇరువది వేల మందిని కలిపి చూచి, ప్రసవానంతర విషాదము నూటికి 22 మందికి కలుగుచున్నదని లెక్క కట్టినది. పేగు పలుకనిచో తప్పు పేగుది, అనగా ఆమెది, అని ఇరుగుపొరుగు అనుకొనును, ఆమెయు అనుకొనును. మెదడు సిద్ధపడుటకు కాలము పట్టుననియు, ఆ పని ప్రసవముతో ముగియదనియు, బిడ్డ చేరువ దానిని ముందుకు నడుపుననియు తెలిసినచో ఆమెపై నింద కొంత తగ్గును. తండ్రికిని ఇది వర్తించును. 2024లో కాలిఫోర్నియాలో 38 మంది తండ్రులను చూచినవారు, మెదడున తీర్పు అధికమైనవారు బిడ్డతో ఎక్కువ కాలము గడపుదురనియు, వారికే నిద్రలేమియు దిగులును ఎక్కువ యనియు చెప్పిరి. సిద్ధపడుటకు వెల కలదు. ఎరుకల తండ్రిని మంచముపై పరుండబెట్టిన ఆచారమునకు ఆ వెల తెలిసియుండెనా యని నేను అడుగుదునే కాని ఔనని చెప్పను.

ప్రభుత్వోత్తరువులు ఈ విషయమున నిఘంటువులకంటె ముందు నడచినవి. కేంద్రోద్యోగులకు తండ్రి సెలవు 15 దినములు; పశ్చిమ బంగాళము 2016లో తన పురుషోద్యోగులకు 30 దినముల సెలవును ప్రవేశపెట్టినది; తల్లుల సెలవును 2017 నాటి చట్టసవరణ 26 వారములకు పెంచినది. వంగమున తండ్రి సెలవునకు ‘పితృత్వకాలీన్ ఛుటి’ అని మాట వచ్చినది. ‘కాలీన్’ అనుట గమనింపదగినది: పితృత్వమునకు ఒక కాలము కలదని ఆ మాట ఒప్పుకొన్నది. తెలుగు ‘పితృత్వ సెలవు’ అంత దూరము పోలేదు.

మరియొక పని భాషావేత్తలకే చెందినది. బాలింతల విషాదమును గుర్తించుటకు 1987లో ఎడిన్‌బరోలో పది ప్రశ్నల పత్రమొకటి తయారైనది. బంగ్లాదేశమున దాని వంగానువాదమును స్థానిక స్త్రీలపై పరీక్షించి 2007లో ప్రకటించిరి. అందలి ప్రశ్నలలో ఒకటి, పనులు తనకు మించి మీద పడుచున్నట్లు తోచుటను గూర్చినది. తెలుగున ‘పనులు మీద పడినవి’ అన్నచో పని యెక్కువైనదనియే అర్థము. మనసు కూలినదని కాదు. ‘నా వల్ల కావడము లేదు’ అను మాటలో ఆ భావము కలదు, కాని దానిని బాలింత అత్తగారి యెదుట పలుకగలదా? ‘దిగులు’ అన్నచో బెంగయని గ్రహింతురు. ‘విషాదము’ పుస్తకము మాట. ‘మనసు బాగులేదు’ అన్నచో గ్రామమున కొందరు గాలి సోకినదందురు. రాయలసీమలో ఒక మాట, శ్రీకాకుళములో వేరొక మాట, తెలంగాణమున మరొకటి కావలసియుండును. ఈ పది ప్రశ్నలను ఏ మాండలికమున ఎట్లడుగవలెనో నిర్ణయించుటకు వైద్యుడు చాలడు. పురిటిగది వెలుపల కూర్చుండి బాలింతల మాటలను వినివచ్చిన మాండలిక పరిశోధకుడు కావలెను. తండ్రుల మాటలను గూడ అతడే వ్రాసికొని రావలెను. వానికైతే ఇంతవరకు సేకరణమే ప్రారంభము కాలేదు.